గాలి తోక దగ్గర

కృత్తిక కార్తె, మొదటి రోజు

ఈ దీపానికి నోరు లేదు గానీ చెవులున్నాయి. మెడలో వేసుకుని మాట్లాడితే విన్నది విన్నట్టు రాసుకుంటుంది. రోజూ దీనితో నాలుగు ముక్కలు చెప్పమని డాక్టరు మధుకర్ ఆజ్ఞ. "ఒంట్లో ఎలా ఉందో ఏ రోజుకారోజు చెప్పండమ్మా, రికార్డుగా ఉంటుంది," అన్నాడు. ఉండనీ. నా పేరు భాగ్య. ఈ పేరు పెట్టినందుకు మా నాయనను ఇంకో రోజు తిడతాను. ఇవాళ తిట్టాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

పొద్దున ఎనిమిది దాకా నేను నిక్షేపంలాంటి మనిషిని. చీకటి ఉండగానే లేచి నీళ్ళు పట్టాను, అంబలి కాచాను, బట్టలు పిండి ఆరేశాను. రెండో చీర తీగ మీద వేసేలోపు మొదటిది అప్పడమైపోయింది. చలువ బనీనులో పెట్టే జెల్లు బిళ్ళలు ఐసు పెట్టెలోంచి తీసి వీపుకు నాలుగు, ఛాతీకి రెండు సర్దుకున్నాను. రెండు పగిలి కారుతున్నాయి. కొత్తవి అడిగితే వచ్చే ఎండాకాలం ఇస్తారట. అప్పటిదాకా నేనే ఐసు పెట్టెలో పడుకోవాలి కాబోలు.

తొమ్మిదింటికి సైరన్ కూసింది. కాలనీ అంతా బాయిలోకి దిగాం. మా తాతలు బొగ్గు తవ్విన ఏడో నంబరు బాయి. బొగ్గు అయిపోయింది, బొంద మిగిలింది. ఎండాకాలం పగటిపూట పైన ఉంటే పిట్టల్లా రాలిపోతాం కనుక నాలుగు వేల మందిమీ పొద్దుగూకేదాకా ఆ బొందలోనే. పద్ధతులు మాత్రం తాతలవే. దిగేముందు అదే మైసమ్మకు దండం, మెడలో దీపం, ఒక్కో సొరంగపు గ్యాలరీకి పెత్తనం చేసే ఒక సర్దారు.

ఇక గాలి సంగతి. నా ఖర్మంతా అక్కడే ఉంది. పైన ఫ్యాను తిరుగుతుంటే గాలి, నీళ్ళు నిండిన పాత సొరంగాల మీదుగా చల్లబడి లోపలికి వస్తుంది. అది మొదట తగిలే చోటు గాలి నోరు. అక్కడ కూర్చుంటే వైకుంఠం. అక్కణ్ణుంచి ఆ గాలి నాలుగు వేల ఒళ్ళను తాకుతూ, ఉక్కంతా మూటగట్టుకుని, చివరి గ్యాలరీలోంచి బయటికి పోతుంది. ఆ చివర గాలి తోక. తోక దగ్గరవాళ్ళకు ఊరందరి చెమటా అందుతుంది. అందుకే వంతులు పెట్టారు. ఒక వారం నోరు, ఒక వారం నడుమ, ఒక వారం తోక. బాలింతలకూ, దీపం ఎర్రబడ్డవాళ్ళకూ తప్ప మినహాయింపు లేదు. ఈ వారం మా గ్యాలరీది తోక వంతు.

దీపం ఎర్రబడటమంటే, ఇది మన ఒంటి వేడిని కూడా చూస్తుంది. నూట రెండు లోపు ఆకుపచ్చ, దాటితే పసుపు, నూట నాలుగు దాటితే ఎరుపు. నాకు వంద కూడా దాటనక్కర్లేదు. నాది మల్టిపుల్ స్క్లెరోసిస్. మా గల్లీలో నోరు తిరగక నరాల రోగమంటారు. మెదడు నుంచి కాళ్ళకూ కళ్ళకూ పోయే నరాల మీది తొడుగు అక్కడక్కడా ఊడిపోయింది. ఒళ్ళు చల్లగా ఉన్నంతసేపు కబురు ఎలాగో చేరుతుంది. ఒక్క డిగ్రీ వేడెక్కిందా, ఎడమ కాలు నేను నీదాన్ని కాదంటుంది, ఎడమ కన్ను బూడిద పూసుకుంటుంది, నాలుక మొద్దుబారుతుంది. చల్లబడితే అన్నీ తిరిగొస్తాయి, అలిగిపోయిన చుట్టాల్లాగా.

అంతసేపూ దీపం మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. పచ్చగా!

కృత్తిక, మూడో రోజు

పడ్డాను. ఊరికే పడలేదు, పక్కింటివాళ్ళ అంబలి కుండ మీద పడ్డాను.

నేను చేయనిదేమీ లేదు. మెడకు తడి తువ్వాలు చుట్టుకున్నాను. తొట్టిలో నీళ్ళు పోసి కాళ్ళు పెట్టుకున్నాను. ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరించాను. ఇవన్నీ ఇంటి దగ్గర పనిచేస్తాయి. తోక దగ్గర చేయవు. అక్కడి గాలి ముందే తడిసి ముద్దయి ఉంటుంది, తువ్వాలు ఆరదు. తడి ఆరితేనే కదా చలవ! పదకొండు కాకముందే జెల్లు బిళ్ళలు గోరువెచ్చనయ్యాయి. మంచినీళ్ళ కోసం లేచాను. ఎడమ కాలు రాలేదు. అంతే.

కుండ పగిలింది. ఎవడో వెనకనుంచి అన్నాడు: "పొద్దుపొద్దుగాల్నే ఏసినట్టుంది అక్క."

వాణ్ణి తిట్టబోతే నాలుక మడతపడింది. "నీ... న్నీ..." అని ఆగిపోయాను. దాంతో తాగినట్టు రుజువైపోయింది. చుట్టూ నవ్వులు. నిజంగా తాగినా ఇంత నామోషీ ఉండదు, తాగిన సుఖమైనా మిగిలేది.

మా సర్దారు మొగిలమ్మ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, గొంతు వింటే సైరన్ దండగ అనిపిస్తుంది. నన్ను లేపి కూర్చోబెట్టి, మొదట నా దీపం చూసింది. మొహం తర్వాత చూసింది.

"పచ్చగనే ఉన్నది గదనే," అంది.

"పచ్చగుంటే? కాలు పడిపోయిందక్కా. నోటికాడ కూసోబెట్టు."

"అగో, గా ముసలామెను సూడు. ఎనబై ఏండ్లది. తన వంతు తను కూసున్నది. నీకొక్కదానికి నోటికాడ సోటిస్తె రేపు అందరు కాళ్ళు పట్టుకుంటరు. పంక్తిల వలపక్షం నాతోని గాదు బిడ్డా."

ఇందులో బాధేమిటంటే, మొగిలమ్మ చెడ్డది కాదు. కిందటేడు తన సొంత కొడుకునే వంతు తప్పించుకోనివ్వలేదు. ధర్మం తప్పని మనిషితో కొట్లాడటం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు.

కృత్తిక, ఐదో రోజు

నా కాలు అర్థం కాలేదు. మొగి అర్థం కాలేదు. దీపం అర్థం కాలేదు. అర్థం కాలేదు.

సాయంత్రం చల్లబడ్డాక చెబుతున్నాను. పైన ఉన్నది మధ్యాహ్నం నేను చెప్పినదాన్ని ఈ దీపం రాసుకున్న తీరు. నా మాట ముద్దయిన చోటల్లా 'అర్థం కాలేదు' అని పెట్టింది. చెరిపేయమంటే చెరిపేస్తుంది. చెరపను. డాక్టరు చదువుకోనీ.

కృత్తిక, ఆరో రోజు

మినహాయింపు కావాలంటే డాక్టరు చూసి రాయాలి. సరే, పోదామనుకున్నాను.

డాక్టరు గది ఎక్కడుందో చెప్పనా? గాలి నోటి పక్కన. మందులు చల్లగా ఉండాలట. తోక నుంచి గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ బయలుదేరాను. నోటి వైపు పోతున్నకొద్దీ అడుగడుగుకూ బాగుపడుతూ పోయాను. నడుమ గ్యాలరీ దాటేసరికి గోడ వదిలేశాను. అక్కడ బల్ల మీద కూర్చోబెట్టి, "సారు పనిలో ఉన్నడు" అని చాలాసేపు ఆపారు. ఆ చల్లగాలికి కన్ను తెరుచుకుంది, నాలుక తిన్నగా అయింది. ఇంకాసేపు ఉంటే కబడ్డీ ఆడేదాన్ని.

డాక్టరు మధుకర్ కుర్రవాడే, మర్యాదస్తుడు. గీత మీద నడవమన్నాడు. నడిచాను. వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. ముట్టుకున్నాను. గోడ మీది అక్షరాలు ఎడమ కంటితో కిందివరస దాకా చదివాను.

"చాలా బాగుందమ్మా," అన్నాడు.

"బాగుండక ఏమైతది సారూ? ఐసు పెట్టెల పెట్టి పాలు ఇరగలేదంటున్నరు. నన్ను తోకకాడ సూడుండ్రి."

"అక్కడ పరికరాలు ఉండవు కదమ్మా. పరీక్ష ఈ గదిలోనే చేయాలి. ఇంకో మాట, మీ మంచికే చెబుతున్నాను. నడవలేకపోతున్నానని మీరు గట్టిగా అంటే నేను అలాగే రాయాల్సి వస్తుంది. బాయిలో పొగ నిండితే తన కాళ్ళ మీద తాను బయటికి పోగలిగినవాళ్ళనే లోపలికి రానివ్వాలి. మిగతావాళ్ళు పైన షెడ్డులో ఉండాలి. అది రూలు."

నడిస్తే రోగం లేదు, నడవకపోతే బాయి లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని సామెత. నాకు ఆ నుయ్యి కూడా దక్కనివ్వరట.

కృత్తిక, పదో రోజు

ఈ వారం మాది నోటి వంతు. నాకు ఏ రోగమూ లేదు. పప్పు రుబ్బాను, అష్టాచెమ్మాలో ఇద్దరిని ఓడించాను. అంబలి కుండ పోగొట్టుకున్నావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "అగ్గో, మంచిగనే ఉన్నది సూడు," అని పక్కావిడకు చెప్పింది. నిజమే, మంచిగనే ఉన్నాను. నా నోరు మూయించడానికి నా ఒళ్ళే వాళ్ళకు సాక్ష్యం చెబుతోంది.

సాయంత్రం ఎండ దిగాక షెడ్డుకు పోయాను, వీరేశం సారును చూడటానికి. నాకు లెక్కలు చెప్పిన సారు. నా రోగమే ఆయనది కూడా, నాకంటే ముందు పట్టుకుంది. మూడేళ్ళ కింద రోహిణి కార్తెలో ఆయన తోక దగ్గర పడిపోతే, అప్పటి డాక్టరు అక్కడికే పోయి చూశాడట. నడవలేడని రాసేశాడు. అప్పటినుంచి ఎండాకాలమంతా షెడ్డే. రేకుల కప్పు. నాలుగు కూలర్లు ఆవిరిని అటు నుంచి ఇటు తోస్తుంటాయి. పదకొండు మంచాలుంటే, మొదట తమ కాళ్ళతో నడిచొచ్చినవాళ్ళే అందులో సగం మంది.

సారు నన్ను గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. మాట ముద్దగా వచ్చింది. "పొద్దుగూకినంక... లేస్త బిడ్డా," అన్నాడు. పొద్దు అప్పటికే గూకింది.

ఈ మనిషి చలికాలంలో చేతికర్ర పట్టుకుని చాయ్ కొట్టు దాకా నడిచొస్తాడు. పిల్లల్ని ఆపి ఎక్కాలు అడుగుతాడు. కాలనీ అంతా చూస్తుంది. ఎండాకాలం రాగానే శవంలా పడుకుంటాడు. అదీ అందరూ చూస్తారు. రెండూ చూసినవాళ్ళకు మధ్యలో ఏముందో తట్టలేదు! ఇంటికొచ్చి గిన్నెలు విసిరేశాను. మా ఆయన ఓదెలు ఏరి సర్దాడు.

రోహిణి, రెండో రోజు

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. నా తల ముందే పగిలింది.

మాది నడుమ వంతు. నడుమ కూడా ఇప్పుడు పాత తోకలాగే ఉంది. పదకొండు గంటలకు కన్ను పోయింది. లేచి, గోడ పట్టుకుని, ఎవరినీ అడక్కుండా పోయి గాలి నోటి దగ్గర కూర్చున్నాను. ఆ గ్యాలరీవాళ్ళు లేవమన్నారు. లేవనన్నాను. ఒకతను నా బనీను పట్టి లాగాడు, నేను అతని చెయ్యి కొరికాను. అవును, కొరికాను. రికార్డుగా ఉంటుంది.

మొగిలమ్మ పరుగెత్తుకొచ్చి అందరి ముందూ నిలబెట్టింది. "గిట్ల రోజూ గడబిడ నడవది. డాక్టరు సారూ, ఒక్కటే సారి తేల్చుండ్రి. మంచిగుంటే వంతుల కూసోవాలె. లేకుంటే షెడ్డుకు పోవాలె. నడిమిట్ల ఊగుడు బందు."

తొమ్మిదో రోజున ఆఖరి పరీక్ష అన్నాడు డాక్టరు. అదే చల్ల గదిలో. అది తప్పితే షెడ్డు. తొమ్మిదో రోజుకు మా గ్యాలరీ మళ్ళీ తోకలో ఉంటుంది. ఆ గదిలో నడిచి పాసైతే తోక దగ్గరే పడి చావాలి. ఫెయిలైతే వీరేశం సారు పక్క మంచం.

రోహిణి, మూడో రోజు

ఓదెలు పని ఫ్యాను హౌసులో. నాలుగు వేల మందికి గాలి ఆడించే ఫ్యాను ఆయన చేతిలో ఉంది, ఇంట్లో నోరు పెగలదు. రోహిణిలో ఒక రోజు ఆ ఫ్యానును ఎదురు తిప్పాలి. నోటి వైపు ఎప్పుడైనా మంట పుడితే పొగ జనం మీదికి రాకుండా గాలిని వెనక్కి తోయగలమా లేదా అని చూసుకోవడానికి. దాన్ని గాలి తిప్పుడు అంటారు. ఆ గంటసేపు తోక నోరవుతుంది, నోరు తోకవుతుంది. తోక వెనక కూడా నీళ్ళ సొరంగాలే కనుక చల్లగాలి అటునుంచి వస్తుంది. ఏ రోజు, ఏ వేళ అన్నది ఫ్యాను మనిషి ఇష్టం. ముందుగా ఎవరికీ చెప్పకూడదు, చెబితే అది పరీక్షే కాదు.

పొద్దున్నే అంబలి పోస్తూ అడిగాను. "గాలి ఎప్పుడు తిప్పుతవ్?"

"గది చెప్పద్దు."

"నేను నీ పెండ్లాన్నా, పొగనా?"

గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

"తొమ్మిదో రోజు తిప్పు. నేను డాక్టరు గదిలకు పోయినంక తిప్పు."

"నువ్వు పడిపోతవ్ గదనే!"

"పడాలె. వాళ్ళ కండ్ల ముంగట పడాలె."

"పడితె షెడ్డుకు పంపుతరు."

"పడ్డంక లేస్త. లేసుడు గూడ వాళ్ళ ముంగటనే."

"లేవకపోతే?"

  "నీ ఫ్యానుకు పెట్టే నూనెల సగమన్న నా మీద పెట్టినవా ఎప్పుడన్న!" అని అరిచాను. అది అబద్ధం. రోజూ మూడింటికి లేచి ఐసు పెట్టెలో జెల్లు బిళ్ళలు తిరగేసేది ఆయనే. చెయ్యి కడుక్కుని పనికి పోయాడు. తిప్పుతాడో లేదో తెలియదు. ఇదంతా దీపం వింటోంది. విననీ.

రోహిణి, తొమ్మిదో రోజు

నిదానంగా చెబుతాను. ఇవాళ నాలుక నా మాట వింటోంది.

గదిలో ముగ్గురం. డాక్టరు, నేను, సర్దారుగా సాక్ష్యానికి వచ్చిన మొగిలమ్మ. గాలి చల్లగా వీస్తోంది. గీత మీద నడవమన్నాడు. ఈ ఒళ్ళుంది చూశారూ, సిగ్గులేని ఒళ్ళు, పెళ్ళికూతురిలా నడిచింది. అక్షరాలన్నీ చదివాను. డాక్టరు తృప్తిగా తల ఊపాడు.

"సంతోషమమ్మా. మీకు షెడ్డు అవసరం లేదు. వంతులో కూర్చోవచ్చు."

"నేను ముందే అన్న గద," అని మొగిలమ్మ లేవబోయింది.

నేను పైకప్పు వైపు చూశాను. ఫ్యాను హోరు మామూలుగానే ఉంది. ఓదెలూ, ఏం చేస్తున్నావయ్యా! నీళ్ళు అడిగాను. మెల్లగా తాగాను. చెప్పు తెగిందని కాసేపు ఆలస్యం చేశాను. ఇక లాభం లేదని లేచాను, గుమ్మం దాకా వచ్చాను.

హోరు ఆగిపోయింది.

బాయి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపించింది. మూడుసార్లు సైరన్. గాలి తిప్పుడు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి, అది రూలు. రూలంటే నాకు ప్రేమ పుట్టడం అదే మొదటిసారి.

"కూసోండ్రి సారూ," అన్నాను, "తోక ఇక్కడికే వస్తున్నది."

వచ్చింది. ముందు వాసన వచ్చింది. నాలుగు వేల మంది చెమట, మామిడికాయ తొక్కు, పసిపిల్లల ఉచ్చ. ఆ వెనకే ఉక్క. డాక్టరు కాలరు గుండీ తీశాడు. మొగిలమ్మ కొంగుతో విసురుకుంది. నేను గోడ మీది అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నాను. కిందివరస పోయింది. దాని పైవరస పోయింది. కాసేపటికి గోడ కూడా పోయింది.

"ఇగ నడిపియ్యుండ్రి," అన్నాను. ఆ మాత్రం మాట బయటికి వచ్చిందో లేదో.

లేచి గీత మీద కుడి కాలు పెట్టాను. ఎడమ కాలు వెనకే ఉండిపోయింది. పడ్డాను. చేతులు ఆనించబోతే అవీ దూదిలా మడతపడ్డాయి. గడ్డం నేలకు కొట్టుకుని నెత్తురొచ్చింది. డాక్టరు నా పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మొట్టమొదట ఏం చూశాడో తెలుసా? దీపం.

పచ్చగా ఉంది.

"తొంభై తొమ్మిదిన్నర," అని దాని మీది అంకె మెల్లగా చదివాడు. "తొంభై తొమ్మిదిన్నరే!"

మొగిలమ్మ నా దీపాన్ని పిడికిట్లో పట్టుకుంది. "నీ పచ్చతనం మండ! మనిషి సచ్చిపోతుంటె పచ్చగ మెరుస్తున్నవా, పాడు దీపమా!" అని దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను. అవన్నీ దీపం రాసుకునే ఉంటుంది.

డాక్టరు చెమట తుడుచుకున్నాడు. నా వైపు చూడలేక చెప్పాడు. "నేను నమ్మనందుకు... సరే. కానీ అమ్మా, ఇలాంటప్పుడు మిమ్మల్ని కిందికి రానివ్వలేను. షెడ్డుకే రాయాలి."

అదిగో! ఇన్నాళ్ళూ రోగం లేదన్న నోటితోనే. చెప్పాల్సినవి వంద ఉన్నాయి, నాలుక రాయి. కోపంతో ఏడుపొచ్చింది. కుడి చెయ్యి ఎలాగో ఎత్తి తోక వైపు చూపించాను. డాక్టరుకు అర్థం కాలేదు. మొగిలమ్మ చెయ్యి చూసింది, నా మొహం చూసింది, గాలి ఎటునుంచి వస్తోందో చూసింది. ఆమె తాత, ముత్తాత గాలిని చూసి బతికినవాళ్ళు.

"సల్లగాలి ఇప్పుడు మా గ్యాలరీల ఉన్నది," అంది. "మంచం తెండ్రిరా!"

"డ్రిల్లు అయ్యేదాకా కదలకూడదు కదా," అన్నాడు డాక్టరు.

"డ్రిల్లంటే పడ్డోళ్ళను మోసుడు గూడ ఉంటది సారూ. పట్టుండ్రి నలుగురు!"

మంచం మీద నన్ను వేసుకుని బాయి పొడవునా పరుగు తీశారు. మొగిలమ్మ ముందు, డాక్టరు వెనక. తోక దగ్గర మావాళ్ళు ఎన్నడూ లేనిది కాళ్ళు బారజాపుకుని, కళ్ళు మూసుకుని గాలి తాగుతున్నారు. లేవడానికి ఎవరికీ మనసు రాలేదు. మొగిలమ్మ తన చాప లాగి, గాలి మొదట తగిలేచోట పరిచింది. మెడకు తడి తువ్వాలు వేసింది. ఆ తువ్వాలు ఆరడం మొదలుపెట్టింది. అబ్బ, ఆ ఆరడం!

ముందు నాలుక వచ్చింది. నా మొదటి మాట: "ఎవడురా నన్ను తాగిందన్నది?" జనం నవ్వారు. ఈసారి నవ్వు వేరేగా ఉంది. తర్వాత బూడిద కరిగి, డాక్టరు మొహం ముక్కలు ముక్కలుగా కనిపించింది. కాలు మాత్రం ఎంతకీ రాలేదు. ఓదెలు అడిగిన మాట గుర్తొచ్చింది. లేవకపోతే? భయమేసింది. అందరి ముందూ భయపడుతున్నందుకు ఒళ్ళు మండింది. బొటనవేలిని పేరు పెట్టి తిట్టాను. చాలాసేపటికి అది కదిలింది.

మొగిలమ్మ బొగ్గు ముక్కతో నేల మీద గీత గీసింది. లేచి దాని మీద నడిచాను. చివరిదాకా పోయి, తిరిగి వచ్చాను. గ్యాలరీ మొత్తం చూసింది.

డాక్టరు నేల మీదే కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడు నేను ఏమని రాయాలి?"

"కండ్లతోని చూసింది రాయుండ్రి. వేడైతె పడ్తది, సల్లగైతె లేస్తది. రోగం ఉన్నది, నడక ఉన్నది. నడుమ ఉన్నది గాలి."

"దానికి రూలు లేదమ్మా."

"రూలు లేదు గని రోగం ఉన్నది గద సారూ! రూలు లేని రోగం నాకెందుకొచ్చిందో పోయి దాన్నే అడుగుండ్రి!"

మొగిలమ్మ లేచి నిలబడింది. ఆ గొంతు బాయి ఆ చివరిదాకా పోయింది. "ఇయ్యాల్టి సంది గాలి నోటికాడ మొదటి సోటు భాగ్యది. దీనికి వంతు లేదు. బాలింతకు ఎట్లనో దీనికి అట్లనే. ఎవడన్న వలపక్షం అంటె నాకాడికి రమ్మను." నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నేనే అన్న గదనే, దీపం పచ్చగున్నదని. నా కండ్లు ఎటుపోయినయో."

నేను ఆమెను క్షమించానని దీపం రాసుకోకూడదు. ఇంకా క్షమించలేదు. నా చూపు ఆ మంచం మీద ఉంది. నన్ను మోసుకొచ్చిన మంచం. ఖాళీగా పడి ఉంది.

"మొగిలక్కా, గా మంచం షెడ్డుకు పంపు. వీరేశం సారును తేవాలె."

"ఆయన నడవలేడని రాసి ఉంది," అన్నాడు డాక్టరు.

"యాడ చూసి రాసిండ్రు? ఎట్ల చూడాలెనో ఇప్పుడు మీకెరుకయింది గద. పోండ్రి."

మోసినవాళ్ళలో ఒకడికి ఆయాసమొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. డాక్టరు అతని వైపు చూశాడు, నా గడ్డం మీది నెత్తురు చూశాడు. వచ్చి మంచం నాలుగో కోడు పట్టుకున్నాడు.

అదే రోజు, సాయంత్రం

ఓదెలు గాలిని మళ్ళీ సరిగ్గా తిప్పాడు. నేను గాలి నోటి దగ్గరికి నా కాళ్ళతోనే వచ్చి, నా చోట్లో కూర్చుని ఎదురుచూశాను. పైకి పోయే ఓపిక ఉంటే నేనే పోయేదాన్ని. ఆ ఎండలో నేను గుమ్మం కూడా దాటలేను. కూర్చుని పళ్ళు నూరాను.

తెచ్చారు. డాక్టరు చొక్కా పిండితే బిందెడు నీళ్ళొస్తాయి. ఎండవేళ షెడ్డులోకి పోవడం ఆయనకు ఇదే మొదటిసారట.  సారును గాలికి ఎదురుగా దించారు. కళ్ళు మూసి ఉన్నాయి. చర్మం తాకితే రొట్టెల పెనంలా ఉంది. తడి తువ్వాళ్ళు కప్పాను, మణికట్ల మీద నీళ్ళు పోశాను. ఎంతసేపైనా ఏమీ లేదు. చుట్టూ జనం గుసగుసలు మొదలుపెట్టారు. నాకు కదిలినంత తొందరగా ఆయనకెలా కదులుతుంది, మూడు ఎండాకాలాలు ఆ రేకుల కింద ఉడికిన మనిషి! పేరుపేరునా అందరినీ తిట్టాలనిపించింది. మొదలుపెట్టాను కూడా.

అప్పుడు సారు పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"చలి పెడుతున్నది బిడ్డా," అన్నాడు. మాట ముద్దగా లేదు. "దుప్పటున్నదా?"

దుప్పటి! రోహిణి కార్తెలో, నాలుగు వేల మందిలో, ఒక్కరి దగ్గర కూడా దుప్పటి లేదు. మొగిలమ్మ మూట విప్పి పాత చీర తీసి, నాలుగు మడతలు వేసి ఆయన మీద కప్పింది. సారు దాన్ని మెడదాకా తనే లాక్కున్నాడు. చీర అంచు కింద కుడి పాదం మెల్లగా అటూ ఇటూ ఆడింది.

డాక్టరు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఇటు తిరుగుండ్రి సారూ," అన్నాను. "పైన ఇంకో పది మంచాలున్నయి. ముందు ఈ కాలు చూసి రాసుకోండ్రి."